రాత్రిపూట సముద్రపు ఒడ్డున చదువు

మన హాస్టల్లో చాలామందిమి సముద్రాన్ని టీవీలోనే చూశాం. మనకు తెలిసిన ఇసుక తుంగభద్ర ఇసుకే. అయితే వరద వచ్చిన ఏడు మంత్రాలయం ఘాట్ల ముందు పారే నీళ్లు కర్నూలు దాటి కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరతాయి. ఆ తీరంలో రాత్రిపూట జరిగే ఒక పని గురించి మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు చీకట్లో ఒడ్డుకొస్తాయి. ఒక్కోటి సుమారు 40 కిలోలు ఉంటుంది. వెనుక కాళ్లతో ఇసుకలో అడుగున్నర గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల్ని చూడటానికి మళ్లీ రాదు.

అందుకే అటవీశాఖ సిబ్బంది, స్థానిక మత్స్యకార యువకులు రాత్రంతా తీరం వెంట నడుస్తారు. తెల్లని టార్చి వేస్తే తాబేలు బెదిరి వెనక్కి పోతుంది. కాబట్టి ఎర్ర వెలుతురు వాడతారు. ఇసుకలో జాడ పట్టుకుని గూడు వెదుకుతారు. కుక్కలు, నక్కలు తినేయకుండా గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రానికి తెస్తారు. ఈ పని కొద్ది గంటల్లోనే అయిపోవాలి. ఆలస్యమయ్యాక గుడ్డు తలకిందులైతే లోపలి పిండం చచ్చిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగవి ఎక్కువ పుడతాయి. పిల్లలు వెలుగు వైపే పాకుతాయి. వీధి దీపాలుంటే సముద్రం వదిలి రోడ్డు మీదికి వస్తాయి.

వెయ్యి పిల్లల్లో ఒక్కటే పెద్దదవుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అలా పెరిగినది కూడా ట్రాలర్ వలలో చిక్కితే, పైకొచ్చి గాలి పీల్చలేక చనిపోతుంది. వలకు ఇనుప ఊచల చట్రం అమర్చి దారి వదిలితే తాబేలు తప్పించుకుంటుంది. అయితే చేపలూ పోతాయని మత్స్యకారుల బాధ. వాళ్ల పొట్ట కొట్టకుండా తాబేలును కాపాడటమే అసలు చిక్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒక్కటే దీన్ని తీర్చలేదు. చదువుకున్నవాళ్లు కావాలి.

బైపీసీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల చదువు ఉంది. సముద్రం దూరమని జంకవద్దు. మన నది అక్కడికి దారి వేసే ఉంచింది.