ఒక్క అణువును గుర్తించే స్పర్శశృంగం: డీట్రిష్ ష్నైడర్ ఘ్రాణ పరిశోధన

ఆడ మాత్‌ను జాలీ పంజరంలో ఉంచితే రాత్రివేళ మగవి దూరం నుండి గుంపులుగా వచ్చి చేరతాయని ఫ్రెంచి కీటకశాస్త్రవేత్త ఫాబ్ర్ 19వ శతాబ్దంలోనే నమోదు చేశారు. అయితే మానవ నాసికకు అందని ఆ ఆకర్షణ పదార్థాన్ని కొలిచేదెలా? ఈ ప్రశ్నకు జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త డీట్రిష్ ష్నైడర్ 1957లో చూపిన మార్గం ఆశ్చర్యం కలిగించేంత సరళమైనది. కీటకపు స్పర్శశృంగాన్నే ఆయన కొలమానంగా మార్చారు.

మగ పట్టు మాత్ స్పర్శశృంగం మొదట ఒక ఎలక్ట్రోడ్‌ను, కొనన మరొకదాన్ని అమర్చి, ఆడ మాత్ గంధగ్రంథుల సారంతో కూడిన గాలిని దానిపైకి ఊదినప్పుడు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్ మార్పు నమోదైంది. వేలాది ఘ్రాణకణాల స్పందనల మొత్తంగా భావించే ఈ సంకేతానికే ఎలక్ట్రోఆంటెనోగ్రామ్ అని పేరు. ఆడ మాత్ స్పర్శశృంగం మాత్రం ఆ గంధానికి స్పందించదు. తన వాసన తనకే తెలియదన్నమాట.

ఈ పరిశోధనకు పట్టు మాత్ అనువైనది కావడానికి కారణం దాని పెంపక చరిత్రే. వేల ఏళ్లుగా మనుషుల సంరక్షణలో పెరిగిన ఈ కీటకం ఎగిరే శక్తిని కోల్పోయింది. గంధం సోకగానే మగది రెక్కలు టపటపలాడిస్తూ నడిచి వెళుతుంది కనుక దాని ప్రవర్తనను బల్లపైనే పరిశీలించవచ్చు. పైగా పట్టు పరిశ్రమ వల్ల ఇవి లక్షల సంఖ్యలో లభిస్తాయి. అడాల్ఫ్ బుటెనాంట్ బృందం సుమారు 5 లక్షల ఆడ మాత్‌ల నుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేసి, 1959లో దాని నిర్మాణాన్ని ప్రకటించింది. అదే బాంబికాల్, రసాయనికంగా గుర్తించిన తొలి ఫెరోమోన్.

శుద్ధ పదార్థం చేతికి వచ్చాక ప్రశ్న స్వరూపమే మారింది. ఏ పదార్థం ఆకర్షిస్తుందన్నది తేలింది. ఎన్ని అణువులు చాలునన్నది మిగిలింది. ష్నైడర్ సహచరుడు కార్ల్-ఎర్న్‌స్ట్ కైస్లింగ్, ప్రీస్నర్‌తో కలిసి 1970లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఘ్రాణకణంలో ఒక నాడీప్రేరణ పుట్టడానికి ఒకే ఒక బాంబికాల్ అణువు చాలు. అంతకన్నా సున్నితమైన రసాయన గ్రాహకం భౌతికంగా సాధ్యం కాదు.

మరి ఒక్క అణువుకే మగ మాత్ ఎందుకు కదలదు? ఈ పరిశోధనలో లోతైన అంశం నిజానికి ఇదే. గంధం లేనప్పుడు కూడా ఘ్రాణకణాలు అప్పుడప్పుడు వాటంతటవే ప్రేరణలను పంపుతుంటాయి. ఒక్కో స్పర్శశృంగంపై బాంబికాల్‌ను గ్రహించే రోమాలు సుమారు 17,000 ఉంటాయి కనుక మెదడుకు చేరే ఈ నేపథ్య సందడి తక్కువేమీ కాదు. దానిని మించి సెకను వ్యవధిలో సుమారు 200 అదనపు ప్రేరణలు చేరినప్పుడే ప్రవర్తన మొదలవుతుంది. కనుక కీటకపు ఘ్రాణశక్తికి హద్దును గ్రాహకం నిర్ణయించడం లేదు. సందడి నుండి సంకేతాన్ని వేరుచేసే నాడీవ్యవస్థ నిర్ణయిస్తున్నది. రెండింటినీ ఒకటిగా భావించి సున్నితత్వాన్ని చర్చించే పాఠ్యగ్రంథాలు ఈ భేదాన్ని మరుగుపరుస్తున్నాయి.

ష్నైడర్ పద్ధతి తరువాత గ్యాస్ క్రోమటోగ్రఫీతో జతకలిసింది. మిశ్రమంలోని ఘటకాలు ఒక్కొక్కటిగా వెలువడుతుండగా స్పర్శశృంగం దేనికి స్పందించిందో చూస్తే ఫెరోమోన్ ఏదో గుర్తించడం సులభమవుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో గులాబిరంగు కాయతొలుచు పురుగు ఉనికిని కనిపెట్టడానికి అమర్చే లింగాకర్షక బుట్టలు కూడా మగ స్పర్శశృంగపు ఈ ప్రత్యేకతపైనే ఆధారపడ్డాయి. వాటిలో పడేవి మగ పురుగులే. గుడ్లు పెట్టే ఆడవి చేనులోనే ఉంటాయి.