వీధికుక్కను ఇంటికి తెచ్చే ముందు... జాలి ఒక్కటే చాలదు

పన్నెండేళ్ల బాధ్యతకు ఇల్లంతా సిద్ధమా?
తెచ్చి వదిలేయడం కంటే తేకపోవడమే మేలు

కంచరపాలెం: వానకు తడిసి ఆటో కింద ముడుచుకున్న కుక్కపిల్లను పిల్లలు చొక్కాలో చుట్టి ఇంటికి తేవడం కంచరపాలెం వీధుల్లో కొత్త కాదు. పెద్దలు కూడా జాలిపడి గిన్నెలో పాలు పోస్తారు. మొదటి వారం ముద్దు చేస్తారు. మూడో నెలకు చెప్పులు కొరికిందని, రాత్రుళ్లు అరుస్తోందని విసుక్కుంటారు. ఆరో నెలకు అది మళ్లీ వీధిలో ఉంటుంది. ఒక మూగజీవిని ఆదుకోవాలన్న సదుద్దేశంతో మొదలైన పని చివరకు దానికే కీడుగా పరిణమిస్తోంది. అందుకే రక్షించిన కుక్కను దత్తత తీసుకునే ముందు కుటుంబం తనను తాను కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

తిరిగి వదిలితే ఏమవుతుంది?

వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు ఆ వీధే ఇల్లు. ఏ గుమ్మం ముందు అన్నం దొరుకుతుందో, వాన వస్తే ఎక్కడ దాక్కోవాలో, ఏ మలుపులో లారీలు వేగంగా వస్తాయో దానికి తెలుసు. ఇంట్లో పెరిగిన కుక్కకు ఈ విద్య ఉండదు. బయట వదిలితే అక్కడి కుక్కల గుంపు దానిని దగ్గరకు రానివ్వదు. భయపడిన కుక్క కరిచే ప్రమాదమూ ఎక్కువే. ఆడకుక్క అయితే సాధారణంగా ఆరు నెలలు దాటాక ఎదకు వస్తుంది. గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించకుండా వదిలేసిన ఒక్క కుక్క ఏడాది తిరగకుండానే వీధికి మరో ఈతను చేరుస్తుంది. అంటే విఫలమైన దత్తత వల్ల కుక్కతోపాటు వీధిలోని జనమూ నష్టపోతారు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితుల్లో జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. తొలి నేరానికి జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే కావడంతో దీనిని పట్టించుకునేవారు తక్కువ. వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో జంతుప్రేమికులు నగర పాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చని పేర్కొంది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూడాల్సిన బాధ్యత తీసుకున్నవారిదేనని తేల్చి చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను పట్టుకుని ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. దీంతో దత్తత అన్న మాట గతంకంటే ఎక్కువగా వినిపిస్తోంది. మాట వినిపించినంత సులువుగా పని ఉండదు.

ఇంట్లో ఎవరుంటారు?

కంచరపాలెం, మర్రిపాలెం, తాటిచెట్లపాలెం పరిసరాల్లో రైల్వే, పోర్టు, డాక్‌యార్డు, ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. ఇంటి యజమానికి ఒక వారం పగటి షిఫ్టు, మరో వారం రాత్రి షిఫ్టు. భార్య కూడా ఉద్యోగానికి వెళితే, పిల్లలు బడికి పోతే కుక్క పది గంటలు ఒంటరిగా ఉండిపోతుంది. గొలుసుతో మెట్ల కింద కట్టేసిన కుక్క అరుస్తుంది, దొరికినదల్లా కొరుకుతుంది. అది దాని తప్పు కాదు. పొట్టి గొలుసుతోనో, బరువైన గొలుసుతోనో జంతువును గంటల తరబడి కట్టి ఉంచడం కూడా అదే చట్టం ప్రకారం నేరమే.

కాబట్టి ఉదయం, సాయంత్రం బయటకు తిప్పేదెవరు, రాత్రి షిఫ్టు వారంలో ఆ పని ఎవరిది, మలమూత్రాలు శుభ్రం చేసేదెవరు అన్నది పేర్లతో సహా ముందే నిర్ణయించుకోవాలి. 'పిల్లలు చూసుకుంటారు' అన్న సమాధానం చెల్లదు. పదో తరగతి పరీక్షలు రాగానే ఆ పని తల్లి మీద పడుతుంది. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆగడమే మంచిది.

అద్దె ఇల్లు, బదిలీలు

అద్దె పోర్షనులో ఉండేవారు ముందుగా ఇంటి యజమాని అనుమతి తీసుకోవాలి. పెంపుడు జంతువులను అపార్టుమెంటు సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా అద్దెకు ఇచ్చేదీ లేనిదీ యజమాని చేతిలోనే ఉంటుంది. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఇల్లు ఖాళీ చేయడమో, కుక్కను వదలడమో తేల్చుకోవాల్సి వస్తుంది.

బదిలీలున్న ఉద్యోగులు మరో ఊరికి దానిని ఎలా తీసుకెళ్లాలో కూడా ఆలోచించాలి. రైలులో కుక్కను బ్రేక్‌వ్యానులోని ప్రత్యేక పెట్టెలో గానీ, ఏసీ ఫస్ట్‌క్లాసు కూపేను పూర్తిగా బుక్‌ చేసుకుని గానీ తీసుకెళ్లే వీలుంది. సంక్రాంతికి నాలుగు రోజులు సొంతూరు వెళ్లినా దానిని చూసే మనిషి కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకినప్పుడు, 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌ విషవాయువు లీకై 12 మంది మరణించినప్పుడు ఈ నగరం ఎలాంటి కష్టం చూసిందో అందరికీ తెలుసు. వెంకటాపురంలో అర్ధరాత్రి దాటాక కట్టుబట్టలతో పరుగెత్తిన జనం వెనుక కట్టేసి ఉన్న పశువులూ, కుక్కలూ ప్రాణాలు విడిచాయి. అలాంటి వేళ కుక్కను విప్పి వెంట తీసుకెళ్లేదెవరో కూడా ముందే అనుకోవాలి.

ఖర్చు ఎంత?

వీధికుక్క ఉచితంగా వస్తుంది, పోషణ ఉచితం కాదు. సరిగా చూసుకుంటే పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. రోజుకొక కోడిగుడ్డు పెట్టినా పన్నెండేళ్లలో నాలుగు వేలకు పైగా గుడ్లు అవుతాయి. పెరుగన్నం ఒక్కటే పెడితే బలం చాలదు. గుడ్డు, ఉడికించిన మాంసం వంటి మాంసకృత్తులు ఉండాలి. ఉడికించిన కోడి ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి పెట్టరాదు. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్‌ కుక్కలకు విషతుల్యం. చిన్న పిల్లలకు ఆవుపాలు పడక విరేచనాలు కావచ్చు.

టీకాలు, నులిపురుగుల మందు, శస్త్రచికిత్స, గోమార్ల నివారణ ఖర్చులు వీటికి అదనం. విశాఖ తేమ వాతావరణంలో గోమార్ల బెడద ఎక్కువ. వాటివల్ల వచ్చే జ్వరాన్ని నిర్లక్ష్యం చేస్తే రక్తహీనతతో కుక్క చనిపోతుంది. నెలవారీ తిండి ఖర్చుకు తోడు జబ్బుల కోసం కొంత సొమ్ము పక్కన పెట్టగలిగితేనే ముందుకు వెళ్లాలి.

టీకాల్లో ఆలస్యం వద్దు

తల్లి పాలు మానని పిల్లను, కనీసం ఎనిమిది వారాలు నిండకముందు వేరు చేయకూడదు. తల్లి చనిపోయిన పిల్లల విషయంలో వెంటనే పశువైద్యుని సలహా తీసుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్‌ టీకాలు మొదలవుతాయి. మూడో నెలలో రేబిస్‌ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులో బూస్టరు, తర్వాత ఏటా మళ్లీ వేయించాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకు టీకాలు, నులిపురుగుల మందు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స యజమాని బాధ్యతే. ఏటా జులై 6న జూనోసిస్‌ దినోత్సవం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్‌ టీకాలు వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్‌ తొలిసారి ఒక బాలుడికి ఈ టీకా ఇచ్చారు.

కొత్తగా తెచ్చిన కుక్క గతం తెలియదు. కాబట్టి దాని వల్ల చిన్న గీరు పడినా తేలిగ్గా తీసుకోరాదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు పూయకూడదు. ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లి టీకా తీసుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు దాదాపుగా మందు లేదు.

మొదటి మూడు నెలలే పరీక్ష

ఆశ్రయ కేంద్రాలవారు పాటించే ఒక సామాన్య సూత్రం ఉంది. కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు కుక్క బెదురుతుంది, తినకపోవచ్చు, మూలన దాక్కోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు అలవాటు పడతాయి. ఇది నా ఇల్లు అన్న నమ్మకం కుదరడానికి మూడు నెలలు పడుతుంది. ఈలోగా చుట్టాలందరినీ పిలిచి చూపించడం, తింటుండగా చేయి పెట్టడం, కొట్టడం చేయరాదు. పసిపిల్లలను దానితో ఒంటరిగా వదలకూడదు. నడకలో తడబడే వృద్ధులున్న ఇంట్లో దూకుడుగా ఉండే పిల్లకంటే నెమ్మదైన పెద్ద కుక్క అనువుగా ఉంటుంది. పెద్ద కుక్క స్వభావం ముందే తెలిసిపోవడం కూడా ఒక సౌలభ్యం.

కుదరకపోతే తప్పు కాదు

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి 'కాదు' అన్న సమాధానం వచ్చినా సిగ్గుపడాల్సిన పనిలేదు. సాయం చేయడానికి వేరే దారులున్నాయి. వీధిలోని కుక్కకు శస్త్రచికిత్స జరిగిందో లేదో చెవి అంచున కోత గుర్తును బట్టి తెలుస్తుంది. గుర్తు లేకుంటే జీవీఎంసీ అధికారులకు తెలియజేయవచ్చు. పిల్లలు, వృద్ధులు నడిచే దారిలో కాకుండా కేటాయించిన చోట, నిర్ణీత వేళలో అన్నం పెట్టవచ్చు. 1996 నుంచి నగరంలో పనిచేస్తున్న విశాఖ జంతు సంరక్షణ సంస్థ వీఎస్పీసీఏ వంటి చోట్ల కొన్ని ఆదివారాలు సేవ చేస్తే కుక్కల తీరు దగ్గరగా తెలుస్తుంది. సొంతంగా పెంచగలమా లేదా అన్నదీ అక్కడే తేలిపోతుంది.

అన్నీ ఆలోచించాక 'సిద్ధమే' అనుకున్న కుటుంబం మాత్రం వెనుకాడనక్కర్లేదు. నాటు కుక్క మన ఎండకూ, వానకూ అలవాటు పడిన ప్రాణి. వేలు పోసి కొన్న విదేశీ జాతికి అది విశ్వాసంలో ఏమాత్రం తీసిపోదు. దానికి కావాల్సింది పూటకింత తిండి, వేళకు టీకా, చివరివరకూ మూసుకోని తలుపు. ఆ మూడూ ఇవ్వగలమన్న భరోసా కుదిరాకే ఆటో కిందికి చేయి చాపాలి.