ఇల్లు అమ్ముకొను రైతులు గమనింపవలసిన సంగతులు

ఇల్లు కొనువానికి జాగ్రత్తలు చెప్పువారు ప్రతి గ్రామమునందును పదుగురుందురు. దస్తావేజు లేఖరి చెప్పును, బంధువులు చెప్పుదురు, అప్పిచ్చు బ్యాంకివారు వకీలుచే కాగితములన్నియు చదివింతురు. అమ్మువానికి చెప్పువారు మాత్రము అరుదు. ఇల్లిచ్చి రొక్కము పుచ్చుకొనువానికి నష్టమేమి యని లోకాభిప్రాయము. ఇది సరియైన అభిప్రాయము కాదు. మన సభ్యులలో ఇల్లు అమ్ముకొనువారు పిల్ల పెండ్లికో, పాత బాకీ తీర్చుటకో, కొడుకుల వెంట పట్టణమునకు పోవుటకో అమ్ముచున్నారు. పెక్కుమందికి పొలము తరువాత మిగిలిన ఆస్తి అదియొక్కటియే. తొందరలో నున్నవాడు బేరమున లొంగును. లొంగినవాడు కాగితము చదువకయే సంతకము చేయును. కావున అమ్మువాని పక్షమున కొన్ని సంగతులు వ్రాయుచున్నాము.

మొదటి పొరపాటు బేరమునకు ముందే జరుగును. ఇల్లు తనదేయని రైతు నమ్మును. ఆధారమేమని యడిగినచో పంచాయతీ ఇంటిపన్ను రశీదులు చూపును. ఆ రశీదు పన్ను చెల్లించినందులకు సాక్ష్యమేగాని హక్కుపత్రము కాదు. తాత కట్టిన ఇంటికి పంపకపు కాగితము లేనిచో అది వారసులందరి సొత్తు.

ఈ వారసులలో ఆడపడుచులును కలరు. పెండ్లిలో పసుపుకుంకుమ లిచ్చితిమి గదా, వారికింకేమి కలదు, అను మాట నేటికిని రచ్చబండలయొద్ద వినుచున్నాము. చట్టమట్లు చెప్పుట లేదు. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టమునందు, మగ వారసులు తమ భాగములు పంచుకొననంతవరకు నివాసపుటింటి పంపకమును ఆడవారు కోరరాదని యొక నిబంధన యుండెడిది. 2005లో దానిని తొలగించిరి. అదే సవరణచే పిత్రార్జితమున కుమార్తెకును పుట్టుకతో కుమారునితో సమానమగు హక్కు కలిగెను. సవరణనాటికి తండ్రి బ్రతికియుండవలెనా యను సందేహమును 2020లో సుప్రీముకోర్టు తీర్చినది: ఉండనక్కరలేదు. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు రిజిస్టరు దస్తావేజుచేగాని కోర్టు డిక్రీచేగాని ముగిసిన పంపకములను మాత్రము ఈ సవరణ కదల్పదు. ఇది హిందూ కుటుంబముల సంగతి. ముసల్మానులకును క్రైస్తవులకును వారి వారి వారసత్వ విధులు వేరుగా కలవు.

అక్కచెల్లెండ్ర సంతకములు లేకుండ బయానా పుచ్చుకొన్నవాని యవస్థ చూడుడు. కొనువాని వకీలు నెల తరువాత ఆ లోపమును పట్టుకొనును. అప్పటికి బయానా సొమ్ము పెండ్లి ఖర్చులకు పోయియుండును. తిరిగి యిచ్చుటకు లేదు, ముందుకు పోవుటకు లేదు. అప్పుడు చెల్లెలి గుమ్మమున నిలువబడి సంతకమడుగుటకంటె, బేరమునకు ముందే పోయి, ఆమెకు రావలసినది ఆమెకిచ్చెదనని మాటయిచ్చి వచ్చుట సుఖము, మర్యాదయు. వారసులలో మైనరు లున్నచో వారి సొంత ఆస్తిలోని భాగమును తండ్రియైనను తల్లియైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదు. అమ్మినచో ఆ మైనరు దానిని రద్దుచేయింపవచ్చును.

అన్నదమ్ములతో పొసగక తన భాగమును మాత్రము అమ్మివేయుదునను వారును కలరు. వీరికి మంచి ధర రాదు. దానికి కారణము చట్టములోనే యున్నది. కుటుంబమునకు చెందని పరాయివాడు నివాసపుటింటిలో నొక భాగమును కొన్నను, తక్కినవారితో కలిసి అందు కాపురముండుటకు ఆస్తి బదిలీ చట్టము హక్కీయదు. అతడు పంపకపు దావా వేసి, అది తేలువరకు వేచియుండవలసినదే. దావాను కొనువాడు ఇంటి ధర యెట్లిచ్చును? మరియు తండ్రినుండి కలిసి వారసత్వముగా పొందిన యింటిలో నొకడు తన భాగమును అమ్మదలచినచో, తక్కిన వారసులకు దానిని ముందుగా కొనుక్కొను హక్కు కలదు. కావున మొదట ఇంటివారినే అడుగుట మేలు.

స్థలము ఏ తరగతికి చెందినదో కూడ చూచుకొనవలెను. గ్రామకంఠములోని యిండ్లకు పాత దస్తావేజులు సాధారణముగా నుండవు. అట్టివారికై 2020 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ఆరంభించి, డ్రోనులతో కొలతలు తీయించి ఆస్తికార్డు లిచ్చుచున్నది. కార్డు వచ్చినచోట కొలతలును పేరును సరిగా పడినవో లేదో బేరమునకు ముందే సరిచూచుకొనవలెను. సర్కారు ఉచితముగా నిచ్చిన యింటిస్థలము వేరు సంగతి. దాని విక్రయమును 1977నాటి చట్టము నిషేధించినది. తరువాత ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును సవరణలు వేరువేరుగా వచ్చినవి గనుక తహసీలుదారు కచేరీలో విచారింపక బయానా పుచ్చుకొనరాదు. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు స్థిరాస్తి అమ్మకము 1970నుండి చెల్లదు.

బాకీల సంగతి. ఇంటిపై సంఘమునకో బ్యాంకికో తాకట్టున్నచో దాచిన దాగదు. రిజిస్ట్రారు ఆఫీసులో తీయు ఈ.సి.లో కనబడును. అప్పు తీరినను, తాకట్టు రద్దు దస్తావేజు రిజిస్టరు కానంతవరకు ఆ తాకట్టు అందు కనబడుచునే యుండును. పదియేండ్లక్రితమే తీర్చితినని రశీదు చూపువారు ఈ సంగతి నెరుగక కడపటి దినమున పరుగులెత్తుచున్నారు. సంఘపు అప్పు తీర్చిన సభ్యుడు చెల్లురశీదుతో తృప్తిపడక, రద్దు దస్తావేజును వెంటనే వ్రాయించుకొని, తన మూలపత్రములను తిరిగి పుచ్చుకొనవలెను.

ఇక బయానా. పొరపాట్లు మిక్కిలిగా జరుగుచున్నది ఇచ్చటనే. తెల్లకాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి లక్షరూపాయలు పుచ్చుకొని, ఇది చీటియే గదా యని రైతు తలచును. చీటికి బలము చాల కలదు. గడువు తేదీ వ్రాసినచో ఆ తేదీనుండి మూడేండ్లవరకును, వ్రాయనిచో అమ్మువాడు నిరాకరించిన సంగతి తెలిసిన నాటినుండి మూడేండ్లవరకును, దస్తావేజు వ్రాసి యిమ్మని కొనువాడు దావా వేయవచ్చును. కోర్టువారు ఇష్టమున్న డిక్రీ యిత్తురు, లేనిచో మానుదురు అను పూర్వపు స్థితి 2018 సవరణతో పోయినది. చట్టములో చెప్పిన కొలది మినహాయింపులు తప్ప ఒడంబడికను అమలు జరుపవలసినదే. కావున ధర, గడువు తేదీ, ప్రతి వాయిదాకు చెల్లింపవలసిన మొత్తము, గడువు తప్పినచో ఏమగునో, ఇవన్నియు స్పష్టముగా నుండవలెను. కొనువాడు తప్పినచో బయానా దక్కునని అందరును అందురు. బేరమునకు పూచీగా నిచ్చిన బయానాకు ఆ మాట వర్తించును. ధరలో భాగముగా ముందిచ్చిన సొమ్మును మాత్రము తిరిగి యీయవలసివచ్చును. పుచ్చుకొన్నది ఏదియో చీటిలోనే వ్రాయుడు.

బయానాతోబాటు తాళపుచెవి ఇచ్చుట మనవారి మంచితనము. ఒక రైతు పండ్రెండు లక్షలకు ఇల్లు బేరముచేసి, రెండు లక్షలు పుచ్చుకొని, రిజిస్టరైన ఒప్పందముపై ఇల్లు స్వాధీనము చేసెననుకొందము. కొనువాడు తన ఒప్పందము ప్రకారము నడచుకొనుచున్నంతకాలము, లేక నడచుకొనుటకు సిద్ధముగా నున్నంతకాలము, అతనిని ఖాళీచేయించుటకు చట్టము సమ్మతింపదు. సిద్ధముగా నున్నాడా లేడా యన్నది తేల్చునది కోర్టు. అది ఎన్నేండ్లకు తేలునో ఎవరెరుగుదురు? పది లక్షలు బాకీ యుండగనే రైతు అద్దెయింటిలో నుండును, కొనువాడు సొంతయింటివలె ఇందుండును. తాళము చేయి మారవలసినది కడపటి రూపాయి అందిన దినముననే. అట్లే జనరల్ పవరు వ్రాసియిచ్చి, సంతకముచేసిన ఖాళీ స్టాంపుకాగితములను మధ్యవర్తిచేతిలో పెట్టుట మహాప్రమాదము. పవరుపత్రములతో జరుగు అమ్మకములు హక్కును బదిలీచేయవని 2011లో సుప్రీముకోర్టు చెప్పినది. కొనువానికి హక్కు రాదు, అమ్మినవానికి గొడవ తీరదు.

దస్తావేజులో ధర తగ్గించి వ్రాయుదము, స్టాంపు ఖర్చు కలిసివచ్చును, మిగిలినది చేతికిచ్చెదము, అని కొనువారు చెప్పుదురు. స్టాంపు ఖర్చు సాధారణముగా కొనువానిది. ఆ యాదాకై అమ్మువాడు తన సొమ్మును అపాయమున నెట్టనేల? పండ్రెండు లక్షల యింటికి ఆరు లక్షలని వ్రాసి, పూర్తిగా ముట్టినదని సంతకము చేసిన తరువాత, తక్కిన ఆరు లక్షలకు ఏ కాగితమును సాక్ష్యమీయదు. మరియు స్థిరాస్తి విక్రయమునకై రు. 20,000లు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూను 1వ తేదీనుండి ఆదాయపుపన్ను విధి కలదు. బయానాకును ఇదే వర్తించును. మీరినచో ఎంత పుచ్చుకొన్నారో అంతయు జరిమానా వేయవచ్చును. ఇరుపక్షములకు వ్యవసాయాదాయమే యుండి, ఎవరికిని పన్ను పడు ఆదాయము లేనిచో మినహాయింపున్నది. కాని ఇల్లమ్మగా వచ్చిన లాభమే పన్ను పడు ఆదాయము కావచ్చును గనుక దానిని నమ్ముకొనుట క్షేమము కాదు. సొమ్ము బ్యాంకిద్వారా పుచ్చుకొని, డ్రాఫ్టు సంఖ్యలును తేదీలును దస్తావేజులో వ్రాయింపుడు. కొంత బాకీ నిలిచినచో నిలిచినట్లే వ్రాయింపుడు; ధర పూర్తిగా ముట్టకముందే హక్కు బదిలీయైనచో, వేరు ఒడంబడిక లేనంతవరకు, ఆ బాకీకి ఇల్లే పూచీగా నుండునని చట్టము చెప్పుచున్నది.

హద్దులు వ్రాయించునపుడు ఇంటివరకు చూచి దొడ్డిని మరచుట కలదు. ఉమ్మడి గోడ, ఉమ్మడి నుయ్యి, బండి పోవు త్రోవ, పశువులకొట్టము, దొడ్డిలోని కొబ్బరిచెట్లు: అమ్మినవేవో, ఉంచుకొన్నవేవో విడివిడిగా వ్రాయవలెను. వెనుక దొడ్డి యుంచుకొని ముందరి యిల్లు అమ్మువాడు త్రోవహక్కు వ్రాయించుకొననిచో రేపు తన దొడ్డికి తానే పోలేడు. కొనువాడు సాధారణముగా చూచినను కనుగొనజాలని లోపము ఇంటియందు గాని హక్కునందు గాని యున్నచో ముందే చెప్పవలెను. దాచినచో చట్టము దానిని మోసముగా నెంచును.

పన్ను గూర్చి యొక మాట. పల్లెటూరి సేద్యపుభూమి అమ్మినచో లాభముపై పన్ను లేదు గనుక ఇంటికిని లేదని మనవారు తలచుచున్నారు. ఇంటికి కలదు. రెండేండ్లకు పైబడి యున్న యింటి లాభముపై 2024 జూలై 23వ తేదీనుండి నూటికి 12.5 చొప్పున పన్ను. ఆ తేదీకి ముందు సంపాదించిన యిల్లయినచో, ధరల పెరుగుదలను తీసివేసి నూటికి 20 చొప్పున లెక్కించిన మొత్తము తక్కువైనచో దేశవాసి దానినే చెల్లింపవచ్చును. తాతలనాటి యింటికి 2001 ఏప్రిలు 1వ తేదీనాటి విలువను మూలధరగా తీసికొనవచ్చును. అమ్మకమునకు ముందు ఏడాదిలోగాని తరువాత రెండేండ్లలోగాని వేరొక యిల్లు కొన్నను, మూడేండ్లలో కట్టుకొన్నను, అందు పెట్టిన మేరకు లాభముపై పన్నుండదు. పట్టణమున ఇల్లు కొనదలచి పల్లెలోనిది అమ్మువారు ఈ గడువులను దస్తావేజునాడే వ్రాసి పెట్టుకొనవలెను.

రిజిస్ట్రేషను ముగిసిన వారములోనే దస్తావేజు నకలుతో పంచాయతీకిని విద్యుచ్ఛక్తి ఆఫీసునకును దరఖాస్తు పెట్టి పేరు మార్పించుడు. లేనిచో పరుల యింటి దీపములకు మీ పేర బిల్లు వచ్చుచుండును.