యంత్రము వ్రాసిపెట్టిన వాఙ్మూలము

మాఘ ఫాల్గుణ మాసములలో పల్నాటి మెట్టల నుండియు, ప్రకాశం జిల్లా నల్లరేగడి చేల నుండియు లారీలకెక్కిన మిరప టిక్కీలు గుంటూరు మిర్చియార్డునకు చేరునప్పుడు, సరకుతో పాటు కంటికానని సన్నని ఎర్రధూళి కూడ కమీషను కొట్లలోనికి ప్రవేశించి, గుమాస్తా చిట్టాల మీదను, ఆ ప్రక్కనున్న ల్యాప్‌టాపు మీదను సమానముగా పేరుకొనును. జిన్నింగు మిల్లుల దాపున ఈ ధూళి స్థానమును దూదినూగు ఆక్రమించును. వేసవి ముదిరి రెంటచింతల మొదలగు చోట్ల పగటి ఉష్ణము 45 డిగ్రీల చేరువకు పోవునప్పటికి, నెలల తరబడి లోపల చేరిన ఈ మలినము తన ప్రభావమును చూపనారంభించును: ఫ్యాను విరామము లేక రొదపెట్టును, పని మందగించును, ఒక్కొక్కప్పుడు లెక్క నడుమనే యంత్రము ఆరిపోవును.

విద్యార్థులును చిన్న వ్యాపారులును, పాతబడిన ల్యాప్‌టాపుల ఆయుర్దాయమును పెంచుకొనుటకై, ఉబుంటు, మింట్, డెబియన్ వంటి లైనక్స్ వ్యవస్థలను వేసికొనుట నేడు అరుదు కాదు. మూల్యము లేకుండుటయు, కొద్దిపాటి మెమరీతో నడచుటయు ఇందులకు కారణములు. అయితే యంత్రము మొరాయించిన తోడనే ‘దీనికి లైనక్సు పడలేదు’ అను తీర్పు ముందుగా వెలువడును. నా అభిప్రాయములో ఇది విచారణ లేని శిక్ష. ఈ వ్యవస్థ తనలో జరుగు ముఖ్యసంఘటనలను ఎప్పటికప్పుడు వ్రాసిపెట్టుకొని, అడిగిన యజమానికి దాపరికము లేక చూపును; అట్టి వాఙ్మూలము చేతికందుచుండగా దానిని చదువకయే నేరము మోపుట అన్యాయము.

వేడి సంగతినే చూడుడు. ప్రాసెసరులో పుట్టిన వేడిని రాగిగొట్టము అంచునకు చేర్చగా, అచ్చటి పలుచని లోహపురేకుల నడుమగా ఫ్యాను గాలిని నెట్టి దానిని వెలుపలికి పంపును. నూగు ఆ రేకుల లోపలి ముఖమున, అనగా ఫ్యానునకును రేకులకును మధ్యనున్న ఇరుకు సందులో, చిన్న చాపవలె అల్లుకొనును. కావున బయటి రంధ్రముల నుండి బ్లోయరుతో ఊదినచో కొంత ధూళి లేచుట కనబడునే గాని ఆ అల్లిక కదలదు. యంత్రమును పూర్తిగా ఆపి, అడుగుమూత విప్పి, బ్యాటరీ కనెక్టరును ఊడదీసి, ఫ్యాను రెక్కలు గిర్రున తిరుగకుండ వ్రేలితో అదిమిపట్టి, నూగును పట్టకారుతో తీయవలెను. ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూయవలెను. మిరపధూళి ముక్కునకును కన్నులకును ఎట్టిదో ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు గనుక ముఖమునకు గుడ్డ కట్టుకొనుట మేలు. ఇంత చేసినను, గదిలోని గాలికన్న చల్లని గాలిని ఏ ఫ్యానును పుట్టింపలేదు. మిట్టమధ్యాహ్నము రేకులషెడ్డు క్రింద, పరుపు మీదనో దిండు మీదనో పెట్టి నడిపిన ల్యాప్‌టాపు వేడెక్కుట దాని లోపము కాదు.

యంత్రము ఆరిపోయినది వేడి చేతనేనా అని నిర్ధారించుకొనుటకు ఊహ అక్కరలేదు. ‘సెన్సార్స్’ అను ఆజ్ఞ ఆ క్షణపు ఉష్ణోగ్రతలను చూపును. పెక్కు ప్రాసెసర్లు 100 డిగ్రీల సమీపమునకు రాగానే తమ వేగమును తామే తగ్గించుకొనును, అప్పటికిని వేడి తగ్గనియెడల వ్యవస్థ తన్ను తాను ఆపుకొనును. ‘జర్నల్‌సీటీఎల్’ అను ఆజ్ఞతో గడచిన పర్యాయము యంత్రము నడచినప్పటి చిట్టాను తెరచి చివరి పంక్తులను చదివినయెడల, ఉష్ణోగ్రత హద్దు దాటినదను మాట అచ్చట కనబడవచ్చును. అట్టి మాట యేదియు లేక, సాధారణముగా సాగుచున్న వ్రాత హఠాత్తుగా తెగిపోయి యున్నచో, వ్యవస్థకు చెప్పుకొనుటకైనను వ్యవధి లేకుండ కరెంటు ఆగినదని ఊహించి, అడాప్టరును, వదులైన ఛార్జింగు పిన్నును, శక్తి ఉడిగిన బ్యాటరీని, ఆ పిమ్మట మదర్‌బోర్డును వరుసగా అనుమానింపవలెను.

వ్యవస్థ మూలరచనను (సోర్స్ కోడును) కూడ అందరికిని తెరచియుంచు ఈ సంప్రదాయము ఉద్యమరూపము దాల్చుటకు ఒక హార్డ్‌వేరు చిక్కు ప్రేరకమైనదని చాలమందికి తెలియదు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎంఐటీ కృత్రిమమేధా ప్రయోగశాలకు జిరాక్సు సంస్థ ఒక లేజర్ ప్రింటరునిచ్చినది. అందులో కాగితము తరచుగా ఇరుకుకొనుచుండెను. అంతకు పూర్వపు ప్రింటరు విషయమున, కాగితము ఇరుకుకొన్నప్పుడు ఆ వార్త ఉపయోగించువారికి తెలియునట్లు ప్రోగ్రామును దిద్దుకొన్న రిచర్డ్ స్టాల్‌మన్, దీనిని కూడ అట్లే దిద్దబోగా మూలరచన లభింపలేదు. అది గల పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఇవ్వనని తాను మాట ఇచ్చితినని అతడు నిరాకరించెను. ఆ నిరాకరణము తన మనస్సును ఎంత కలచినదో స్టాల్‌మన్ పలుమారులు చెప్పియున్నాడు. 1983 సెప్టెంబరులో అతడు ప్రకటించిన గ్నూ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పథకమునకును, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన, వ్యవస్థకు మూలభాగమైన కెర్నెలునకును కలిగిన సంయోగమే నేడు మనము వాడు లైనక్స్ వ్యవస్థ.

వైఫై పనిచేయకుండుట ఈ వ్యవస్థలో చిరకాలముగా వినవచ్చు ఫిర్యాదు. ఇచ్చట మొదట తేల్చవలసినది ఒక్కటే: వైఫై కార్డు యంత్రమునకు కనబడుచున్నదా లేదా? ‘ఎల్ఎస్‌పీసీఐ’ అను ఆజ్ఞ లోపలి పరికరముల జాబితానిచ్చును. దానికి ‘-కె’ చేర్చినయెడల ఏ పరికరమును ఏ డ్రైవరు నడుపుచున్నదో కూడ తెలియును. జాబితాలో పేరే లేనిచో కార్డు కదలియుండవచ్చును, లేదా చెడియుండవచ్చును. పేరుండి డ్రైవరు లేనిచో లోపము సాఫ్ట్‌వేరుది. రెండును ఉండి పని జరుగనిచో ‘ఆర్ఎఫ్‌కిల్’ను అడుగవలెను, ఏలయన ల్యాప్‌టాపు ప్రక్కనున్న చిన్న స్విచ్చి తెలియక ఆపబడియుండుట కలదు. మరియొక చిక్కు ఫర్మ్‌వేరుది: ఇది కార్డులోనికి ఎక్కింపవలసిన చిన్న ప్రోగ్రాము, పెక్కు తయారీదారులు దీని మూలరచనను వెల్లడింపరు. డెబియన్ వారు చిరకాలము తమ అధికారిక ఇన్‌స్టాలరులో ఇట్టివానికి చోటీయక, 2022లో ఓటింగు జరిపి, 2023 జూన్‌లో వెలువడిన 12వ సంచిక నుండి చేర్చిరి. ఆదర్శమునకు కొంత భంగమైనను, వైఫై లేని ల్యాప్‌టాపుతో దిక్కుతోచక కూర్చున్న సామాన్యుని పక్షమున ఆలోచించిన ఆ నిర్ణయము సమంజసమనియే నేను భావింతును.

మన పల్లెలలో తరచుగా కానవచ్చు ఒక విచిత్రమును ఇచ్చట చెప్పక తప్పదు. ఛార్జరు పెట్టినంతసేపు టచ్‌ప్యాడు పిచ్చిగా దుముకుట, లోహపు అంచును తాకిన చేతికి జిల్లుమనుట, ఛార్జరు తీయగానే రెండును మాయమగుట కలదు. డ్రైవరును ఎన్నిమారులు మార్చినను ఇది పోదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నను ఇంటి ఎర్తు సరిగా లేకుండుటయే పెక్కుసారులు దీనికి కారణము. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన ఎర్తు గొయ్యి వేసవిలో ఎండిపోగా, రెండు బిందెల నీరు పోసిన తరువాత యంత్రము కుదుటపడవచ్చును.

ఇంకను సందేహము మిగిలినచో మరియొక లైనక్సును పెన్‌డ్రైవు నుండి నడిపి చూడవలెను. లోపము అచ్చటను కనబడినచో హార్డ్‌వేరు మీద అనుమానము బలపడును, కనబడనిచో ఇన్‌స్టాలు చేసిన వ్యవస్థలోనే వెదకవలెను. కారణము తెలియని స్తంభనలకు మెమ్‌టెస్ట్86ప్లస్‌ను రాత్రియంతయు నడుపుట ఉత్తమము. డిస్కు విషయమున మాత్రము పరీక్షలకు ముందు జాగ్రత్త: ‘స్మార్ట్‌సీటీఎల్’ నివేదికలో చెడిన సెక్టార్ల సంఖ్య దినదినము పెరుగుచున్నచో, మరమ్మతు ప్రోగ్రాములతో ఆ డిస్కును శ్రమపెట్టక, పద్దులను ఫోటోలను తక్షణమే వేరొక డిస్కునకెక్కింపవలెను.

ఈ వాఙ్మూలమంతయు ఆంగ్లముననే యుండుట మన వారికి అడ్డు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వ్యవస్థను తెలుగులోనికి తెచ్చినది. కేంద్రప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ వారి బాస్ లైనక్సులోను తెలుగు కలదు. కాని మెనూలు తెలుగైనను కెర్నెలు వ్రాసికొను పంక్తులు తెలుగు కాలేదు. వానిని అనువదింపనక్కరలేదు. తరచుగా కనబడు యాభై పంక్తులకు అర్థమును, వెంటనే చేయవలసిన పనిని చెప్పు చిన్న పుస్తకము నొకదానిని గుంటూరు, ఒంగోలు పాలిటెక్నిక్కు విద్యార్థులు సిద్ధపరుపవచ్చును. అందులకు కావలసిన జ్ఞానములో పెక్కుభాగము, సంవత్సరముల తరబడి ల్యాప్‌టాపులు విప్పుచున్న గుంటూరులోని బ్రాడీపేట, అరండల్‌పేట మెకానిక్కుల కడ ఇదివరకే యున్నది. వారి ప్రక్కన కూర్చుండి వ్రాసికొనువారు కావలెను.