క్లోరోఫాం మత్తు: హైదరాబాద్ కమిషన్లు చెప్పని అంకె

హైదరాబాద్‌లో మూసీ నదికి ఇవతల పాతబస్తీ, అవతల అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. క్లోరోఫాం మత్తులో సంభవించే మరణాలకు మూలం గుండె కాదని, ముందు ఆగిపోయేది శ్వాసేనని ఆ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ గట్టిగా నమ్మారు. దానిని జంతువులపై పరీక్షించడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసాయంతో 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి పనిచేశాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక పక్షాన లండన్ నుంచి వచ్చిన లాడర్ బ్రంటన్, కుక్కలు, కోతులు, మేకలు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు ముగిశాక లారీ పక్షానికే వచ్చారు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడి చూడనక్కరలేదన్నది వారి తీర్పు.

ఆ తీర్పులో గాఢతకు, అంటే పీల్చే గాలిలో ఆవిరి ఎంత శాతమన్నదానికి, అంకె లేదు. ఇంగ్లండులో వైద్యుడు జాన్ స్నో అప్పటికి మూడు దశాబ్దాల ముందే జంతువులపై శాతాలు కొలిచి, పలుచని ఆవిరితో శ్వాస ముందుగా ఆగుతుందని, చిక్కని ఆవిరి గుండెనే నేరుగా దెబ్బతీయగలదని చూపారు. అంత ప్రాణనష్టంతో సాగిన హైదరాబాద్ ప్రయోగాలు ఆ దారిన ఇంకా ముందుకు వెళ్లి ఉండవలసింది.

ఆ అంకె ఎందుకు ముఖ్యమో ఒక నియమంతో పోల్చితే తెలుస్తుంది. గాఢతను పీల్చిన కాలంతో గుణిస్తే వచ్చే ఫలితం సమానమైతే హాని కూడా సమానమని రసాయన శాస్త్రవేత్త హేబర్ పేరుతో నిలిచిన నియమం చెబుతుంది. ఊపిరితిత్తులను కాల్చే ఫాస్జీన్ వంటి వాయువులకు ఇది కొంతమేర సరిపోతుంది గాని, క్లోరోఫాంకు సరిపోదు. రక్తంలో కలిసిన ఆవిరి నిశ్వాసంతో బయటికి కూడా పోతుంది కనుక, గాలిలోని శాతం తక్కువగా ఉంటే రక్తంలోని మోతాదు ఒక స్థాయికి చేరి, ఎంతసేపు పీల్చినా అక్కడే దాదాపు నిలిచిపోతుంది. శాతం ఎక్కువైతే మాత్రం, ఊపిరి బిగబట్టి పెనుగులాడిన జంతువు ఒక్కసారిగా గాఢంగా పీల్చిన కొద్ది శ్వాసలతోనే రక్తంతో పాటు పెద్ద మోతాదు గుండె కండరాన్ని చేరుతుంది. ఈ పెనుగులాట ప్రమాదాన్ని కమిషన్ కూడా గుర్తించింది.

తర్వాత రసాయన శాస్త్రవేత్త వెర్నన్ హార్‌కోర్ట్ రూపొందించిన పరికరం ఆవిరిని 2 శాతానికి మించనివ్వలేదు. అయినా 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలలో మరో సంగతి బయటపడింది: మత్తు తేలికగా ఉన్నప్పుడు అడ్రినలిన్ రక్తంలోకి చేరితే, గుండె గదులు లయ తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతాయి, మత్తు గాఢమైనప్పుడు ఆ ముప్పు తగ్గుతుంది.