సెకండ్‌ హ్యాండ్‌ టాటా ఏస్‌ కొంటున్నారా? రంగు కాదు.. బండి కింద చూడండి!

కడియం మొక్కలైనా, రావులపాలెం అరటి గెలలైనా, భీమవరం చేపలైనా.. గోదావరి జిల్లాల్లో సరుకు తోలాలంటే చాలామందికి టాటా ఏసే దిక్కు. 2005లో వచ్చిన ఈ ‘చోటా హాతీ’ని తక్కువ బడ్జెట్‌లో పాతది కొనేవాళ్లు ముందు బండి కింద దూరి చూడాలి. చేపలు, రొయ్యలు మోసిన బండైతే ఉప్పునీళ్లు కారి ఛాసిస్‌ తుప్పు పట్టి ఉండొచ్చు. పైన కొత్త పెయింట్‌ వేస్తే అది కనపడదు.

2022 జులై లాంటి వరదల్లో మునిగిందేమో తేలాలంటే సీటు కింద, వైరింగ్‌ సందుల్లో ఒండ్రు ఉందేమో వెతకాలి. ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్‌ చేయించాలి, లోడుతో నడిపి చూడాలి.

ఆర్సీలో ఫైనాన్స్‌ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వాలి. లేదంటే పాత ఓనర్‌ ఎగ్గొట్టిన కిస్తీలకు మీ బండిని పట్టుకుపోతారు. ఫిట్‌నెస్‌, ఇన్సూరెన్స్‌, చలాన్లు చూసుకుని, ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు చేయించుకోవాలి.