కొత్త ఇంజన్ వస్తే పాత ట్రక్కు ధర ఎందుకు మారుతుంది?

అమెరికాలో పికప్ ట్రక్కులను రైతులు, మేస్త్రీలే కాదు, ఆఫీసులకు వెళ్లేవాళ్లూ నడుపుతారు. కొన్నేళ్లకు అమ్మేస్తారు. అప్పుడెంత వస్తుందన్నది బండి అరుగుదల ఒక్కటే తేల్చదు. కంపెనీ ఆ తర్వాత ఏ ఇంజన్ తెచ్చిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

రామ్ కంపెనీ పికప్ రామ్ 1500నే చూడండి. దానికి పేరు తెచ్చింది ఎనిమిది సిలిండర్ల 5.7 లీటర్ల హెమీ ఇంజన్. బలం 395 హార్స్‌పవర్. 2025 మోడల్‌లో దాన్ని తీసేసి, ఆరు సిలిండర్ల 3 లీటర్ల హరికేన్ పెట్టారు. చిన్నదే, కానీ రెండు టర్బోలు గాలిని ఒత్తి లోపలికి పంపుతాయి. గాలి పెరిగితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. అందుకే మామూలు రకానికే 420 హార్స్‌పవర్, పై రకానికి 540!

మరి పాత హెమీ బండ్ల ధర పడిపోవాలి కదా? అంత సులువుగా పడదు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లకు బలం కన్నా భరోసా ముఖ్యం. నాకు అది సబబే అనిపిస్తుంది. లక్ష మైళ్లు తిరిగాక హెమీలో ఏది పాడవుతుందో మెకానిక్‌లకు తెలుసు, కొత్త ఇంజన్‌కు ఆ చరిత్ర ఇంకా లేదు. పైగా కొత్త బండిలో హెమీ దొరకనప్పుడు, అదే కావాలనేవాళ్లు పాతది వెతుక్కోవాల్సిందే. అమ్మేవాడి మాట చెల్లుతుంది.

అయితే 2025 జూన్‌లో రామ్ ఒక ప్రకటన చేసింది: 2026 మోడల్‌లో హెమీ మళ్లీ వస్తుందని. కోరుకున్న ఇంజన్ షోరూములోనే దొరికితే, పాత బండికి ఎక్కువ ఇవ్వడానికి కొనేవాడు వెనకాడతాడు.